మునిగిన ఓడ దగ్గర హాజరు పిలిచాం

దెయ్యాల కబుర్లంటే నాకు మొదట్నుంచీ చిరాకు. భయం కాదు, చిరాకు. ఎవరైనా మొదలెడితే "నువ్వు చూశావా? పోనీ నీకు చెప్పినవాడు చూశాడా?" అని అడిగి నోరు మూయించేవాణ్ణి. మా ఆవిడ సుజాత ఈ నోటి దురుసు గురించి నన్ను చాలాసార్లు తిట్టింది కూడా.

నా పని అలాంటిది. పలాస జీడి మిల్లుల్లో గింజలకి ఆవిరి పట్టే బాయిలర్లు బాగుచేస్తాను. ఇరవై ఏళ్ళ పైమాటే. ఒకసారి ఒక మిల్లులో ఎవరో ఆడమనిషి మూలుగుతోందని పనివాళ్ళు రావడం మానేశారు. యజమాని కొబ్బరికాయలు కొట్టించాడు, మేకపోతుని కూడా మొక్కుకున్నాడు. నేను వెళ్ళి చూస్తే ఎక్కువైన ప్రెషరు వదిలే వాల్వులో స్ప్రింగు పోయింది. మార్చాను, మూలుగు ఆగిపోయింది. మేకపోతు బతికిపోయింది. ఈ కథ చెప్పి ఎన్ని పెళ్ళిళ్ళలో నవ్వించానో.

అలాంటివాణ్ణి ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి. మొన్న ఎండాకాలం ముందు వరకూ నేనూ నవ్వేవాణ్ణే.

ఈ బాయిలర్ల వల్లే నాకు ఓడల పిచ్చి పట్టింది. ప్రపంచ యుద్ధాల్లో తిరిగిన ఆవిరి ఓడలంటే పడిచస్తాను. ఒక్కోదాని కడుపులో ఎన్ని బాయిలర్లు, ఎంత ప్రెషరు, గంటకి ఎంత బొగ్గు తినేది, అదే నా లోకం. ఉండేది పలాసలో అయినా మా సొంతూరు జలంత్రకోట. అక్కడ మావాళ్ళంతా కొబ్బరి, జీడితోటల గురించి మాట్లాడుకుంటుంటే నేను ఫోన్లో యుద్ధనౌకల పొగగొట్టాలు లెక్కపెట్టుకునేవాణ్ణి.

మా అమ్మాయి భవాని నాకంటే ముదురు. ఒక్కతే కూతురు, పలాసలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మసకబారిన ఫోటోలో సగం ఓడ కనిపించినా అది ఏ రకమో, ఏ దేశానిదో చెప్పేస్తుంది. అట్టముక్కలతో ఓడల బొమ్మలు చేసి బీరువా మీద వరసగా పెట్టింది. సుజాత దుమ్ము దులపలేక ఇద్దర్నీ కలిపి తిట్టేది. నాన్నా కూతుళ్ళం ఫోన్లో ఒక గ్రూపులో ఉండేవాళ్ళం. నానా ఊళ్ళవాళ్ళూ ఉన్నారందులో. పొద్దస్తమానం పాత ఓడల మీద వాదించుకోవడమే పని.

ఆ గ్రూపులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా ఓడ మునిగిన చోటికి వెళ్తే, దానితో పాటు పోయినవాళ్ళ పేర్లు అక్కడ పైకి చదవాలి. ఒకరు చదువుతారు, ఇంకొకరు ప్రతి పేరుకీ "హాజరు" అని పలుకుతారు. మునిగిన రోజు తర్వాత వాళ్ళని ఎవరూ పిలవలేదు కదా, మనమైనా పిలుద్దాం అని. వీడియో తీసి గ్రూపులో పెడతారు. మంచి పనే అనుకున్నాం. చెడ్డ పని అని ఇప్పటికీ అనలేను.

బారువకి ఉత్తరాన, ఒడ్డుకి కాస్త దూరంలో అలాంటి ఓడ ఒకటుంది. రెండో యుద్ధంలో సరుకులు మోసేది, వెనకవైపు ఒక తుపాకీ బిగించారట. జపాను విమానాలు ఈ తీరం మీదికి వచ్చిన రోజుల్లో దెబ్బతిని మునిగింది. దాని పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చదివాక మీకే తెలుస్తుంది. వేటకెళ్ళేవాళ్ళకి ఆ చోటు బాగా గుర్తు, వలలు తగులుకుని చిరిగిపోతాయి. ఒడ్డున ఒక తాటిచెట్టూ వెనక గుడి శిఖరమూ ఒక వరసలోకి వచ్చాయంటే కింద ఓడ ఉన్నట్టు.

గ్రూపులో ఒకాయన ఆ ఓడ బాయిలరు గదిలో పోయినవాళ్ళ జాబితా ఎక్కడో సంపాదించి ఫోటో పంపాడు. పన్నెండు వరసలు. అందరూ మన దేశపు కూలీలే. కొలిమికి బొగ్గు వేసేవాళ్ళు, బొగ్గు మోసేవాళ్ళు. ఇంటిపేర్లు కూడా లేవు, ఉత్త పేర్లు. పన్నెండో వరసలో అదీ లేదు. "బొగ్గు మోసేవాడు, పేరు తెలియదు" అని ఉంది. అది చదివి భవాని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బాయిలరు ముందు నిలబడడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ పన్నెండు వరసలూ ఒక కాయితం మీద రాసుకున్నాను.

మాఘం వెళ్ళాక సముద్రం నెమ్మదించింది. బారువలో ఎర్రయ్య మావకి ఫైబరు బోటు ఉంది. ఆయన ఇంజిను రెండు మూడుసార్లు బాగుచేశాను, ఆ పరిచయం. ఒక ఆదివారం పొద్దున్న ఏడింటికి ముగ్గురం బయల్దేరాం. ఎర్రయ్య మావ, నేను, భవాని. ఎండ బాగా ఉంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. చోటుకి చేరాక వంగి చూస్తే కింద నల్లగా, గుండ్రంగా బాయిలరు వీపు కనిపించింది. ఇద్దరం చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం.

నేను జేబులోంచి కాయితం తీసి, చెయ్యబోయేది చెప్పగానే ఎర్రయ్య మావ మొహం మారిపోయింది.

"వొద్దు బావూ. సముద్రం మీద పేరెట్టి మేం మనిసిని పిలవం. ఓయ్ అంటాం, అంతే. పిలిసినోడికేటీ కాదు, పలికినోడి మీదికొస్తాది."

నేను ఏమన్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. "అదంతా మీ తాతల కాలం మావా, నువ్వు ఇంజిను చూసుకో" అన్నాను. భవాని ఆయన బాధపడతాడేమోనని "ఏటీ కాదు తాతా, దండం పెట్టుకుంటన్నాం అనుకో" అంది. ఆయన తల గుడ్డ విప్పి చెవులు మూసి కట్టుకున్నాడు.

ఫోను ఒక కర్రకి కట్టి బోటు అంచున నిలబెట్టాం. నేను చదివాను, తను పలికింది. ఆ వీడియో తర్వాత ఎన్నిసార్లు చూశానంటే ప్రతి క్షణం నాకు కంఠతా వచ్చేసింది. మొదటి నాలుగు పేర్లకీ గట్టిగా, బళ్ళో పిల్లలా పలికింది. అయిదో పేరు నేను తప్పు చదివాను, దానికి నవ్వు ఆపుకుంటూ "హాజరు" అంది. ఎనిమిదో దగ్గర ఉప్పునీళ్ళు మొహాన పడి దగ్గింది. పన్నెండో వరస చదివినప్పుడు కాసేపు ఆగింది. తర్వాత చాలా నెమ్మదిగా "హాజరు" అని, ఉన్నట్టుండి లేచి నిలబడి నీళ్ళవైపు ఒక అడుగు వేసింది. ఎర్రయ్య మావ దాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేశాడు. ఎందుకు లేచావమ్మా అంటే "ఏమో, లేవాలనిపించింది" అంది. బోటు ఊగింది, తూలింది అనుకున్నాను.

క్షేమంగా ఒడ్డుకొచ్చాం. సోంపేటలో టిఫిను తిని పలాస ఇంటికొచ్చాం. వీడియో గ్రూపులో పెడితే అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు, సోమవారం. మధ్యాహ్నం ముగ్గురం భోజనం చేస్తున్నాం. సుజాత పులుసు వడ్డిస్తోంది. ఎవరం ఏమీ మాట్లాడటం లేదు. భవాని ముద్ద పట్టుకున్న చెయ్యి ఆపి, తల పైకెత్తి, గట్టిగా "హాజరు" అంది. మళ్ళీ తినడం మొదలెట్టింది. నేను పకపకా నవ్వాను. ఎందుకు నవ్వుతున్నావు నాన్నా అని అడిగింది. తను ఏమీ అనలేదంది.

మంగళవారం మేడ మీద బట్టలు ఆరేస్తూ అంది. బుధవారం కాలేజీలో, పాఠం నడుస్తుండగా. మేడం ఫోను చేసి "మీ అమ్మాయి క్లాసులో అల్లరి చేస్తోంది" అన్నారు. అల్లరి చేసే పిల్ల కాదని నాకు తెలుసు. అడిగితే ఒట్టు పెట్టింది. నేనేమీ అనలేదు నాన్నా, అందరూ ఎందుకిలా అంటున్నారు అని ఏడ్చేసింది.

అంతకంటే కంగారు పెట్టింది ఇంకోటి. పేరు పెట్టి పిలిస్తే పలకడం మానేసింది. పక్కనే నిలబడి "భవానీ" అంటే తిరిగి చూడదు. భుజం తడితే ఉలిక్కిపడి "ఏటి?" అంటుంది. చెవుల డాక్టరుకి చూపించాం. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు. శ్రీకాకుళం తీసుకెళ్ళి నరాల డాక్టరుకి చూపించాం. తలకి తీగలు పెట్టి పరీక్ష చేశారు. ఏమీ లేదు, పరీక్షల ఒత్తిడి అని మాత్రలు రాశారు. ఆ గదిలోంచి బయటికి వస్తూ, మెట్ల మీద, భవాని నవ్వు ఆపుకుంటూ "హాజరు" అంది.

అది అయిదో రోజు. ఆ నవ్వు నాకు తెలుసు.

ఇంటికొచ్చి వీడియో పెట్టుకుని కూర్చున్నాను. బాయిలరు మనిషిని కదా, ఏదైనా కొలిచి చూడందే నమ్మను. చిన్న పుస్తకంలో రాయడం మొదలెట్టాను. రోజుకి ఒక్కసారి. రెండోసారి ఎప్పుడూ లేదు. ప్రతి రోజూ పగటి పూటే. ఏడో రోజు మామూలుగా అంది. ఎనిమిదో రోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ దగ్గింది, దగ్గుతూనే అంది. వీడియోలో ఉన్న దగ్గే.

ఎవరో అదే జాబితా రోజుకొక పేరు చొప్పున చదువుతున్నారు. మాకు వినబడదు, భవానికి వినబడుతోంది. ఇలా రాయడానికి నాకే నామోషీగా ఉంది గానీ వేరే ఏ విధంగా చెప్పాలో తెలీదు. పన్నెండో రోజు ఏం జరుగుతుందో వీడియోలో ఉంది. లేచి నీళ్ళవైపు అడుగు వేస్తుంది.

ఆ సాయంత్రం సుజాతకి అంతా చెప్పేశాను. ఆవిడకి బోటు సంగతి తెలుసుగానీ ఎర్రయ్య మావ వద్దన్న సంగతి తెలీదు. నన్ను చెడామడా తిట్టింది. "ఆ ముసలాయన మొత్తుకున్నాక కూడా నా పిల్ల చేత పలికించావా? నీ తెలివి తగలెయ్య!" అంది. బుద్ధి గడ్డి తిని చేశాను.

మర్నాడు బారువ వెళ్ళాను. ఎర్రయ్య మావ వల కుట్టుకుంటున్నాడు. నన్ను చూడగానే "పాపకేనా?" అన్నాడు. ఎన్నో రోజు అని అడిగాడు. తొమ్మిది అన్నాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టేశాడు.

ఆయన చెప్పింది ఇది. అలా పలికినవాళ్ళని కన్నతల్లి వెనక్కి పిలుచుకోవాలి. సముద్రంలోంచి కాదు, పొడి ఇసక మీద నిలబడి. పిల్ల కాళ్ళు మాత్రం నీళ్ళలో ఉండాలి. పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకి పలికితే మన మనిషే. కానీ ఆఖరి పిలుపు అటునుంచి వచ్చే రోజునే చెయ్యాలి, ముందు చేస్తే కుదరదు, అది దాటితే అసలు కుదరదు. ఇలా ఎవరికైనా జరిగిందా మావా అని అడిగాను.

"మా అన్నకి. అప్పటికి మా అమ్మ నేదు బావూ, పిలిసీవోళ్ళు నేరు" అన్నాడు.

ఆ మూడు రోజులూ మేం ఎలా గడిపామో ఆ దేవుడికే తెలియాలి. సుజాత పిల్ల చెయ్యి వదల్లేదు. స్నానాల గది తలుపు గడియ పీకేయించింది. పదో రోజు, పదకొండో రోజు సరిగ్గా ఒక్కోసారి అంది. భవానికి ఏమీ గుర్తులేదు గానీ భయం మాత్రం తెలుస్తోంది. "నాన్నా, నాకేటవుతోంది?" అని అడిగింది. ఏమీ కాదమ్మా అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

పన్నెండో రోజు తెల్లారగానే కారు మాట్లాడుకుని బారువ వెళ్ళాం. ఏ వేళకి పలుకుతుందో తెలీదు కాబట్టి ముందే వెళ్ళాలి. ఎండెక్కింది. దూరంగా బోట్లు లాగుతున్నారు, ఆడవాళ్ళు చేపలు ఆరేస్తున్నారు. అంత వెలుతురులో, అంతమంది ఉండగా మనిషి ఇంతలా భయపడొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు.

సుజాత పొడి ఇసక మీద నిలబడింది. పక్కన ఎర్రయ్య మావ. నేను భవానిని పట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాను. తను ఒడ్డుకి వీపు పెట్టి సముద్రంవైపే చూస్తోంది. నేను వెనకనుంచి ఎడం చేత్తో నడుం చుట్టూ పట్టుకున్నాను. దగ్గర్లో ఇంకెవరూ లేరు. ఈ మాట ఎందుకు చెప్తున్నానో గుర్తుపెట్టుకోండి.

గంటన్నర అలాగే నిలబడ్డాం. పదిన్నర దాటాక భవాని ఒళ్ళు బిగుసుకుంది. తల కొద్దిగా పక్కకి వంచింది, ఎవరిదో మాట వింటున్నట్టు. పిలవమని సుజాతకి చెయ్యి ఊపాను.

"భవానీ!" అని సుజాత పిలిచింది.

భవాని కదిలింది. ఒడ్డువైపు కాదు, లోపలికి. ఆ పిల్ల బరువు నలభై అయిదు కేజీలు. నేను రోజూ ఇనప గొట్టాలు ఎత్తేవాణ్ణి. నన్ను రెండడుగులు లాక్కుపోయింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి.

"భవానీ!" రెండోసారి. సుజాత గొంతు పగిలిపోయింది.

భవాని ఊపిరి గట్టిగా లోపలికి తీసుకుంది. నోరు తెరిచింది. వీడియోలో పన్నెండోసారి పలకబోయే ముందు అలాగే తీసుకుంటుంది. నాకు ఇంకేమీ తోచలేదు. కుడి అరచేత్తో నోరు మూసేశాను, గట్టిగా, వేళ్ళు బుగ్గల్లోకి దిగేలా. పెదాలు కలిసిపోయాయి. దాని వేడి ఊపిరి ముక్కులోంచి నా వేళ్ళ మీద తగులుతోంది.

"భవానీ! నా తల్లీ!" మూడోసారి.

"ఏటమ్మా?"

స్పష్టంగా వినబడింది. మా అమ్మాయి గొంతే. విసుక్కుంటూ, వంటింట్లోంచి పిలిస్తే రోజూ ఎలా అంటుందో అలాగే అంది. ఒడ్డున ఉన్న సుజాత వింది. "పలికింది, నా బంగారం పలికింది" అంటూ చీర తడిసిపోతున్నా నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. భవాని బిగుసుకున్న ఒళ్ళు సడలింది. కళ్ళు తెరిచి మమ్మల్ని చూసి, బావురుమని ఏడ్చింది. తల్లీ కూతుళ్ళు నీళ్ళలోనే కూలబడ్డారు.

నేను మాత్రం చెయ్యి అలాగే గాలిలో పట్టుకుని నిలబడిపోయాను.

ఎందుకంటే ఆ మాట వినబడినప్పుడు నా అరచెయ్యి ఇంకా దాని నోటి మీదే ఉంది. పెదాలు నా చేతి కింద మూసుకునే ఉన్నాయి. కదల్లేదు. గొంతు కూడా అదరలేదు. మాట వచ్చింది నా ఎదటినుంచి, ఖాళీ నీళ్ళ మీదనుంచి.

ఎర్రయ్య మావ వైపు చూశాను. తల్లీ కూతుళ్ళు ఏడుస్తూ నవ్వుతున్నారు గానీ ఆయన నవ్వలేదు. సముద్రంవైపే చూస్తున్నాడు. కాసేపటికి తల గుడ్డ సర్దుకుని, నాతో ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. తర్వాత రెండుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు.

ఇది జరిగి కొన్ని నెలలైంది. భవాని బాగుంది. ఆ రోజు పన్నెండో "హాజరు" అనలేదు, ఆ తర్వాతా ఎప్పుడూ అనలేదు. కాలేజీకి వెళ్తోంది, మార్కులు బాగానే వచ్చాయి, వాళ్ళమ్మతో చీరల గురించి పోట్లాడుతోంది. పేరు పెట్టి పిలిస్తే ఠక్కున పలుకుతోంది. వీడియో తీసేశాం, గ్రూపులోంచి వచ్చేశాం. సుజాత మొక్కులన్నీ తీర్చుకుంది. ఆవిడకి నేను నా అరచేతి సంగతి చెప్పలేదు. చెప్పను కూడా. ఆవిడ ఫోన్లో ఈ పేజీ చూడదు.

నన్ను నేను చాలా ప్రశ్నలు వేసుకున్నాను. గాలి వాటంలో సుజాత గొంతే మళ్ళీ వినబడిందా? ఆ కంగారులో నా చెయ్యి కాస్త వదులైందా? కాలేదు. దాని బుగ్గల మీద నా వేళ్ళ కమిలిన గుర్తులు నాలుగు రోజులున్నాయి. వాల్వులో స్ప్రింగు పోయిందని చెప్పి నవ్వించడానికి నాకు ఇక్కడ ఏమీ దొరకలేదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కడం లేదు, చిక్కుతుందన్న ఆశ కూడా పోయింది.

ఒక్క ఆలోచన మాత్రం వదలడం లేదు. ఆ పన్నెండోవాడికి పేరు లేదు. ఇన్నేళ్ళూ ఎవరూ పిలవలేదు. ఆ రోజు ఒక తల్లి ఒడ్డున నిలబడి, ప్రాణం పెట్టి, ఒక పేరు మూడుసార్లు పిలిచింది. మూడో పిలుపుకి పలికితే మన మనిషే అన్నాడు ఎర్రయ్య మావ. పలికిందెవరో నాకు తెలీదు.

ఇంట్లో ఉన్నది నా కూతురే. నాకు తెలుసు. అన్నం ముందు కూర్చుంటే దాని తల నిమురుతాను, నాకు అదే లోకం. కానీ సుజాత వంటింట్లోంచి పిలిచినప్పుడల్లా చేస్తున్న పని ఆపేసి దాని పెదాల వైపు చూస్తాను. ఇవాళ పొద్దున్న కూడా చూశాను. కదిలాయి. రేపు కూడా చూస్తాను.